శాసనసభ్యుని ఓటు ఎవరి సొత్తు?

దేవాలయ మాన్యములను వేలము వేయించు ధర్మకర్త ఆ వేలములో తానే పాట పాడుట తగదని మన పల్లెలలో చదువురానివారును ఎరుగుదురు. ఆతడు న్యాయమైన ధరయే యిచ్చెనని సాక్ష్యము చూపినను జనులు నమ్మరు. నమ్మకపోవుట వారి తప్పును కాదు. అమ్మువాడును కొనువాడును ఒక్కడే యైనప్పుడు ధర న్యాయమో యన్యాయమో చెప్పుటకు మూడవవాడు మిగులడు. ధర్మకర్తకు మనము విధించిన యీ కట్టుబాటును శాసనములు చేయు ప్రతినిధికి ఏల విధింపకున్నాము? తనకు స్వలాభము గల విషయమున శాసనసభ్యుడు ఓటు చేయవచ్చునా? ఈ ప్రశ్నను విజ్ఞులైన చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఇది ఎక్కడనైనను పుట్టదగిన ప్రశ్నయే. కాని హైదరాబాదునకు పడమట సైబరాబాదు ప్రాంతమున నిది మిక్కిలి తీవ్రమైనది. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి వాజపేయి మాదాపురమున సైబర్ టవర్స్‌ను ప్రారంభించెను. 2023 ఆగస్టులో కోకాపేట వేలమున ఎకరము వెల నూరు కోట్ల రూపాయలను దాటెను. ఈ వెల నాగలివలన పెరిగినది కాదు. బాట ఎటు వేయవలెను, ఏ భూమిని దేనికి విడువవలెను అను ప్రభుత్వ నిర్ణయములు దీని పెంపునకు ముఖ్యకారణములు. 1996లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయముల రక్షణకై వెలువడిన 111వ ఉత్తరువు 84 గ్రామములలో కట్టడములను నిర్బంధించెను. 2022 ఏప్రిలులో 69వ ఉత్తరువు ఆ నిర్బంధములను తొలగింప బూనెను. ఒక్క సంతకము ఇన్ని గ్రామముల భూముల వెలను మార్చునప్పుడు, ఆ నిర్ణయమున చేయిగలవానికి అచ్చట ఎంత భూమి కలదో ప్రజలు తెలిసికొనవలదా? ఫలానావాడు దోషియని మేము చెప్పుట లేదు. ఎన్నికలనాటి ప్రమాణపత్రములలో అభ్యర్థులు తమ ఆస్తులను ప్రకటించుచునే యున్నారు. కాని అయిదేండ్లకొకసారి వ్రాసియిచ్చిన పత్రము, నిర్ణయమునాడు అందరి యెదుటను లేచి చెప్పిన మాటతో సమానము కానేరదు.

నియమములు బొత్తిగా లేవని కాదు. 1811లో ఇంగ్లండు కామన్సు సభాధ్యక్షుడైన ఛార్లెస్ అబట్ ఒక తీర్పు చెప్పెను. సభ్యుని ఓటును త్రోసివేయవలెనన్నచో ఆతని లాభము ప్రత్యక్షమైన ధనలాభమై, ఆతనికి విడిగా చెందినదై యుండవలెను; ప్రజలందరితో సమానముగా కలుగు లాభమును, రాజ్యనీతికి సంబంధించిన విషయమును ఇందులోనికి రావు. మన లోక్‌సభయొక్క 371వ నియమము ఆ యడుగుజాడలనే నడచి, ప్రజలలో ఒక వర్గముతో కలిసి పొందు లాభమును గూడ మినహాయించినది. ఆక్షేపించువాడు ఓట్లు ముగిసిన వెంటనే, ఫలితము ప్రకటింపకమునుపే ఆక్షేపింపవలెను. రాజ్యసభ మరియొక యడుగు వేసినది. 293వ నియమము సభ్యుల లాభసంబంధములకు ఒక పట్టికను ఏర్పరచెను. తనకు సంబంధము గల విషయమును చర్చించుటకు ముందు సభ్యుడు దానిని వెల్లడింపవలెనని 294వ నియమము చెప్పుచున్నది.

ఇందలి లోపము పైకి కనబడదు. ఒంటరిగా లాభపడువాడు పట్టుబడును; పదిమందితో కలిసి లాభపడువాడు తప్పించుకొనును. ఒక గ్రామమున ఒక్క సభ్యునికే భూమి యున్నచో నది స్వార్థము; నలువదిమందికి ఉన్నచో నది వర్గప్రయోజనము! పంచుకొన్నంతమాత్రమున స్వార్థము పరార్థమగునా?

ఇది ఊహామాత్రము కాదు. 2005 మొదలు 2008 వరకు వెలువడిన ఉత్తరువులచే నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గ్రేటర్ హైదరాబాదు పరిధిలోని భూములను పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు, ఉన్నతోద్యోగులు, న్యాయమూర్తులు, పత్రికావిలేఖరులు మొదలగువారి గృహనిర్మాణ సంఘములకు కేటాయింపదలచెను. 2010లో హైకోర్టు ఆ యుత్తరువులను కొట్టివేసెను. 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు అట్టి కేటాయింపు సమానత్వమునకు విరుద్ధమని తీర్పు చెప్పి, కట్టిన ధనమును వడ్డీతో తిరిగి యిమ్మనెను. ఈ వ్యవహారమున రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, ఇది సభలో ఓటుచే జరిగినది కాదు, ఉత్తరువులచే జరిగినది. కావున ఓటును గూర్చిన ఏ నియమమును దీనిని తాకజాలకపోయెను. రెండవది, లాభము పొందువారి జాబితాలో ప్రతినిధులు, అధికారులు, న్యాయమూర్తులు, వారిని విమర్శింపవలసిన విలేఖరులు అందరును కలరు. అన్ని కంచెలును కలిసి చేను మేయ జూచినప్పుడు కాపు ఎవరితో మొరపెట్టుకొనవలెను? న్యాయస్థానము తన వర్గమువారి లాభమునకు ప్రతికూలముగా తీర్పు చెప్పుటచే ఆ మొర ఆలకింపబడెను. అందుకు పదునాలుగేండ్లకు మించిన కాలము పట్టెను.

లంచము విషయమున ధర్మము ఇప్పటికి స్థిరపడినది. సభలోని ఓటుకై లంచము గొన్నవానికి సభాహక్కు రక్షణమిచ్చునని 1998లో పి.వి.నరసింహారావు వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా త్రోసిపుచ్చిరి. పరులిచ్చిన లంచము నేరమైనచో, తన భూమి వెల పెరుగుటకై ఓటు చేయుట తనకు తానిచ్చుకొనిన లంచము కాదా?

ఇచ్చట ఆక్షేపణలు రాగలవు. ఓటు మానుకొన్న సభ్యునితోబాటు ఆతని నియోజకవర్గమంతయు మూగబోవునని కొందరందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. హైటెక్ సిటీ యున్న శేరిలింగంపల్లి నియోజకవర్గమున 2023లో ఏడు లక్షలకు మించిన ఓటర్లుండిరి. ఒక్కని ఆస్తికై వారందరి నోరు కట్టుట న్యాయమా? మరికొందరు, రైతు వ్యవసాయమును గూర్చియు వైద్యుడు వైద్యమును గూర్చియు ఓటు చేయరాదన్నచో సభలో తెలిసినవాడు మిగులడందురు. అదియును నిజమే. 2016 మార్చిలో తెలంగాణ శాసనసభ్యులు తమ జీతభత్యములను నెలకు రెండున్నర లక్షల రూపాయల వరకు పెంచుకొనిరి. స్వలాభము గలవారందరును లేచిపోయినచో ఆ బిల్లునకు ఓటు చేయువాడే యుండడు. కావున స్వలాభమున్నంతనే నోరు మూయుమను నియమము నిలువదు.

అట్లని ఏ నియమమును వలదనుట అంతకంటె తప్పు. వర్తకులు తమకు విధించుకొనిన కట్టుబాటును చూడుడు. 2008 డిసెంబరు 16న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ పాలకమండలి, స్థాపకుని కుటుంబమునకు చెందిన రెండు మేటాస్ సంస్థలలోని వాటాలను 160 కోట్ల డాలర్లకు కొన నిశ్చయించెను. వాటాదారులు ఆగ్రహింపగా కొన్ని గంటలలోనే మానుకొనెను. 2013 నాటి కంపెనీల చట్టము 184వ విభాగము ప్రకారము పబ్లిక్ కంపెనీ డైరెక్టరు తనకు సంబంధము గల ఒప్పందమును గూర్చి ముందుగా వెల్లడించి, ఆ విషయమున సమావేశములో పాల్గొనకుండవలెను. సైబరాబాదులోని ఒక కంపెనీ వాటాదారుల ధనమునకు ఉన్నపాటి కాపుదల ఆ ప్రాంతపు ప్రజల భూమికి లేకుండుట వింత గాదా?

మా యభిప్రాయమున మార్గ మిది. స్వలాభము గల సభ్యుడు మొదట దానిని సభలో చెప్పవలెను; భార్యాపుత్రుల పేర నున్నదియు తనదిగనే యెంచవలెను. చెప్పిన పిమ్మట ఆతడు మాటాడవచ్చును. అందుచే నియోజకవర్గము మూగబోదు. కాని లాభము ప్రత్యేకమును గణనీయమును ఐనచో, ఎందరితో పంచుకొన్నను ఓటు చేయరాదు. సభ్యులందరికిని సమానముగ గలుగు లాభము రాబోవు ఎన్నికల పిదపనే అమలు కావలెను. అమెరికాలో 1789లో ప్రతిపాదింపబడి 1992లో ఆమోదము పొందిన 27వ రాజ్యాంగసవరణ సభ్యుల జీతములకు ఇట్టి నియమమునే విధించినది. ఇక ఉత్తరువులు జారీచేయు మంత్రులును ఇట్లే వెల్లడించి, ఆ సమావేశమునుండి లేచిపోయి, ఆ సంగతిని నమోదు చేయింపవలెను.

కడపట ఒక మాట. ఈ భూములయందు ఫ్లాటో ప్లాటో కొనిన విద్యావంతులు మన చదువరులలోను ఉందురు. మన వీధిలో వెల పెంచిన ప్రతినిధిని మనము స్వార్థపరుడనము, సమర్థుడందుము. ఓటు ఆతని సొత్తు కాదనునప్పుడు అది మన వీధి సొత్తును కాదని యొప్పుకొనవలెను. జలాశయముల నీరు త్రాగువారికిని, ఎకరము మాట యటుండ గజమైనను లేనివారికిని అందులో మనతో సమానమైన పాలు గలదు. ఎన్నికలనాడు మన ప్రతినిధిని అడుగవలసినది మనకేమి చేసెదవని కాదు. నీకు లాభము గల చోట నీవు లేచిపోయెదవా యని. ఆ ప్రశ్న నడుగుటకు ముందు, మన లాభము కొరకు ఆతడు కూర్చుండవలెనను కోరిక మనలో లేకుండ చూచుకొనుట మన విధి.