పూటకూళ్లవాని రెండు దేనారములు

మంచి సమరయుని ఉపమానమును మనమందరము చిన్ననాటినుండి ఎరుగుదుము. యాజకుడు ప్రక్కగా పోయెను, లేవీయుడును ప్రక్కగా పోయెను, సమరయుడు ఆగెను. బోధకులు సామాన్యముగా అక్కడనే ముగింతురు. నేనును ముప్పది సంవత్సరములు అక్కడనే ముగించితిని. అయితే ఆ కథలో మరియొకడున్నాడు. అతనినిగూర్చి ప్రసంగము నేను విన్నది లేదు, చేసినదియు లేదు. అతడు పూటకూళ్లవాడు. సమరయుడు ఒక్క రాత్రి ఉండి, తెల్లవారిన తరువాత రెండు దేనారములు అతని చేత పెట్టి తన దారిని పోయెను. ఆ పిమ్మట కట్లు మార్చినవాడును, గంజి కాచి పోసినవాడును, నొప్పికి మూలిగినప్పుడు దీపము తీసికొని లేచినవాడును ఆ పూటకూళ్లవాడే. అతడు డబ్బు పుచ్చుకొని చేసెను. అందుకు ప్రభువు అతనిని ఒక్క మాటయైనను అనలేదు.

డబ్బు పుచ్చుకొని మన దుఃఖమును వినువాని దయ నిజముగా దయయేనా? ప్రార్థించు సంఘము ఉండగా విశ్వాసి ఫీజు చెల్లించి మానసిక వైద్యుని గదిలో తన హృదయమును విప్పవలెనా? ఈ ప్రశ్నకు నాయొద్ద ఒకప్పుడు సిద్ధముగా జవాబుండెను. ఆ జవాబు వలన ఒక తల్లికి ఎంత కీడు చేసితినో ముందుగా చెప్పవలసియున్నది.

మా సంఘములో ఒక సహోదరి. భర్త ఆటో తోలును. రెండవ కాన్పయిన కొన్ని వారములకు ఆమె మాట తగ్గిపోయెను. బిడ్డ నిద్రపోయినను ఆమెకు నిద్ర లేదు. అన్నము ముందు పెట్టిన చూచుచు కూర్చుండును. నేను చెడ్డ తల్లిని, దేవుడు నన్ను విడిచిపెట్టెను అని మాత్రము అప్పుడప్పుడు అనుచుండెను. భర్త నాయొద్దకు వచ్చెను. నేను వెళ్లి నూనె రాచి ప్రార్థించితిని. తగ్గలేదు. మరల వెళ్లి, విశ్వాసములో లోపమున్నదేమో పరీక్షించుకొమ్మని చెప్పి, మూడు దినముల ఉపవాసము నియమించితిని. పాలిచ్చు తల్లికి ఉపవాసము! ఈ మాట వ్రాయుటకు నా చేయి సిగ్గుపడుచున్నది. అంతటితో పోలేదు. బుధవారపు కూటములో ఆమె పేరు చెప్పి, ఆమె మనస్సు స్థిమితములో లేదు, ప్రార్థించుడని విన్నపము చేసితిని. తెల్లవారునప్పటికి ఆ వీధి కుళాయియొద్ద నీళ్లకు వచ్చినవారందరికి ఆ సంగతి తెలిసెను.

నా భార్య ఒక మధ్యాహ్నము ఆమె ఇంట కూర్చుండి వచ్చి నాతో అన్నది: “ఏమండీ, ఆ పిల్లకు టైఫాయిడు వస్తే ఇలాగే ఉపవాసం ఉండమందురా? ఆమె తన బిడ్డ వంక చూసే చూపు నాకు భయంగా ఉంది. రేపే డాక్టరుకు చూపించాలి.”

భర్త మొదట ఒప్పుకొనలేదు. “ఎన్ని రాత్రులైనా మందిరంలో పడుకోమంటే పడుకుంటాం గాని, పిచ్చి డాక్టరు దగ్గరకి మాత్రం వద్దయ్యగారూ. రేపు మా పిల్లలకు సంబంధాలు ఎవరిస్తారు?” అనెను. బస్సు స్టాండు వెనుక సందులో, మందుల దుకాణముపైని మేడమీద ఆ వైద్యశాల యుండెను. నరాల జబ్బులు, మానసిక వ్యాధులు అని బోర్డుమీద వ్రాసియుండెను. అతడు మొదటి రెండు మాటలు చదువుకొని ధైర్యముగా మెట్లెక్కెను. మన దేశములో ఎందరినో ఆ మెట్లెక్కించునది నరాలు అను మాటయే. దానిని కనిపెట్టినవానికి నేను వందనములు చెప్పుచున్నాను.

డాక్టరమ్మగారు మన విశ్వాసమునకు చెందినవారు కారు. గోడమీద వేంకటేశ్వరుని పటముండెను. ఆమె నావైపు చూచి, “మీరు కాసేపు బయట కూర్చోండి” అనిరి. భర్తను, అత్తగారినికూడ బయటికే పంపిరి. ముప్పావు గంటసేపు ఆ తలుపు తెరువబడలేదు. ఆ తరువాత భర్తను ఒంటరిగా పిలిచిరి, పిమ్మట అత్తగారిని. ఏమి అడిగిరని తరువాత విచారించితిని. ఏ రాత్రినుండి నిద్ర లేదు, మొదటి కాన్పులో ఇట్లుండెనా, పుట్టింటివారిలో ఎవరికైన ఇట్టి జబ్బు కలదా, ఎవరును లేనప్పుడు మాటలేవైన వినబడుచున్నవా అని. మరియు చనిపోవలెననిగాని బిడ్డకు ఏదైన చేయవలెననిగాని ఆలోచన వచ్చినదా అని తిన్నగా అడిగిరట. భర్త దానికి చాల నొచ్చుకొని, అటువంటి అశుభపు మాట ఎందుకెత్తితిరని అడుగగా ఆమె, “అడిగినంత మాత్రాన అది పుట్టదు బాబూ. లోపల ఉంటే బయటికి వస్తుంది” అనిరి. అది బయటికి వచ్చెను. అన్ని వారములు ఆ యింట ప్రార్థించినవారిలో ఒక్కడైనను, నేనును, ఆ ప్రశ్న అడిగినవాడు కాడు.

రక్తపరీక్ష వ్రాసిరి. కాన్పు తరువాత థైరాయిడు గ్రంథి మందగించినను మనస్సు ఇట్లే క్రుంగుననియు, దానిని ముందు చూడవలెననియు చెప్పిరి. పాలిచ్చు తల్లికి ఇవ్వదగిన మాత్ర ఏరి, తక్కువ మోతాదుతో ఆరంభించిరి. రెండు మూడు వారములవరకు గుణము తెలియదు, ముందుగా కొంచెము వికారము పెట్టవచ్చును, తెలిసిన తరువాత బాగున్నదిగదా అని మీరే మానవద్దు, తగ్గిన పిమ్మటకూడ కొన్ని నెలలు వేసికొని మెల్లగా తగ్గించవలెను అని విడమరచి చెప్పిరి. మాత్రల అట్ట భర్త దగ్గర ఉండవలెను. దినమునకు ఎన్ని కావలెనో అన్నియే ఆమె చేతికి ఇయ్యవలెను. తగ్గువరకు రాత్రియు పగలును ఆమెను బిడ్డతో ఒంటరిగా విడువరాదు. రాత్రి ఎప్పుడైన భయమనిపించిన తెల్లవారువరకు ఆగక పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను. మాటలాడుటకు మనిషి కావలెనన్న 14416 అను నంబరు రాత్రియైనను పగలైనను పలుకును. 2022లో ప్రభుత్వము పెట్టిన టెలిమానస్ అను సహాయ కేంద్రమది. తరువాత ఆమె అత్తగారిని పిలిచి, రాత్రి ఒక పూట పాలు పిండి ఉంచి బిడ్డను మీరు పట్టుకొనవలెను, ఈ అమ్మాయి అయిదు గంటలు ఏకధాటిగా నిద్రపోవలెను, ఇది మాత్రకంటె ముందు మందు అనిరి.

బదరీవృక్షముక్రింద పడుకొని తనకు చావు కావలెనని కోరిన ఏలీయా నాకు అప్పుడు జ్ఞాపకము వచ్చెను. దేవదూత అతనికి ముందు ఇచ్చినది నిద్రయు రొట్టెయు నీళ్లును. అదియు రెండు మారులు. దేవుడు అతనితో మాటలాడినది తరువాత, చాల దూరము పోయిన పిమ్మట. నేనైతే రొట్టె తీసివేసి ఆరంభించితిని.

పది దినముల తరువాత మరల వెళ్లితిమి. సంఘకాపరిని గనుక ఆమె లోపల ఏమి చెప్పినదో నాకు తెలియుట న్యాయమని తలంచి డాక్టరమ్మగారిని ప్రక్కకు పిలిచి అడిగితిని. ఆమె నవ్వి, “ఆమె చెప్పమంటే చెబుతానండి” అనిరి. నాకు కోపము వచ్చెను. దారి పొడవున ఆ కోపముతోనే కూర్చుంటిని. ఇల్లు చేరినప్పటికి అది కోపముగా మిగులలేదు. ఫీజు పుచ్చుకొనునామె ఆ తల్లి మాటను పెట్టెలో పెట్టి తాళము వేసినది; ఉచితముగా వచ్చిన నేను దానిని కుళాయియొద్దకు పంపితిని. 2017 సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి గుట్టును రోగి హక్కుగా ఎంచినది; ప్రాణాపాయము వంటి కొన్ని సందర్భములు తప్ప వైద్యుడు దానిని బయటపెట్టరాదు. మనకు చట్టము అవసరము లేదు, ప్రేమయే చాలునందుము. మన ప్రార్థన విన్నపములలో ఎన్ని ప్రేమవలన పుట్టినవో, ఎన్ని నోటి దురదవలన పుట్టినవో ప్రభువే ఎరుగును.

ఈ సంగతులు మన కాలమునకు క్రొత్తవి కావు. విలియం కౌపర్ అను ఆంగ్ల కవి 1731లో పుట్టెను. జాన్ న్యూటనుతో కలిసి అతడు వ్రాసిన ఓల్నీ కీర్తనలు 1779లో అచ్చయినవి. వాటిలో కొన్నిటిని లోకమంతట సంఘములు నేటికిని పాడుచున్నవి. 1763లో అతనికి ప్రభువుల సభలో ఒక ఉద్యోగము దొరకవలసియుండగా, దానికి బహిరంగముగా పరీక్ష ఉండునని విని అతని మనస్సు చెదరిపోయెను. ప్రాణము తీసికొనుటకుకూడ యత్నించెను. అతని బంధువైన మార్టిన్ మాడన్ మంచి సువార్తికుడు. అతడు వచ్చి మంచము ప్రక్క కూర్చుండి క్రీస్తు రక్తమునుగూర్చి చక్కగా చెప్పెను. కౌపరునకు కొంచెము ఆదరణ కలిగెను. కాని ఆ చీకటి మరల మరింత దట్టముగా కమ్మెను. బోధ తప్పు కాదు. బోధకుడు తప్పు కాడు. వినవలసిన మనస్సే జబ్బుపడియుండెను.

అప్పుడు సహోదరుడు అతనిని సెయింట్ ఆల్బన్స్ ఊరిలోని నథానియేల్ కాటన్ అను వైద్యుని ఇంటికి తీసికొనిపోయెను. అది డబ్బు తీసికొని కొద్దిమంది రోగులను ఉంచుకొను సొంత వైద్యశాల. కాటన్ భక్తిపరుడే, కవిత్వమును వ్రాసెను. కౌపర్ అక్కడ ఏడాదిన్నర యుండెను. కొన్ని నెలలు గడచిన తరువాత తోటలో ఒక బల్లమీద బైబిలు కనబడగా తెరచి, లాజరు లేచిన అధ్యాయము చదివెను. 1764 జూలైలో రోమీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయము 25వ వచనము అతని హృదయమును పట్టుకొనెను. మాడన్ చెప్పిన సువార్తయే అది. ఈసారి నిలిచెను. బల్లమీద బైబిలు ఉంచినదెవరో నాకు తెలియదు గాని, అంతటి నిస్పృహనుండి ఒక్కసారిగా ఆనందము వచ్చుట చూచి కాటన్ సంతోషించుటకు బదులు భయపడెనని కౌపరే వ్రాసియున్నాడు. ఇది మరియొక వెఱ్ఱికి దారి తీయునేమోయని ఆ వైద్యుని భయము. అందుచేత వెంటనే పంపివేయక, ఇంచుమించు ఏడాది కనిపెట్టి చూచిన పిమ్మటనే వెళ్లనిచ్చెను. మనమైతే ఆ ఆదివారమే అతనిని వేదికమీదికి ఎక్కించి సాక్ష్యము చెప్పించి, మాత్రలు మానుమని యుందుము!

కథ అక్కడ ముగిసినయెడల మనకు సులువుగా నుండును. 1773లో జబ్బు తిరిగివచ్చెను. దేవుడు తన్ను శాశ్వతముగా త్రోసివేసెనను తలంపు అతనిని పట్టి, 1800లో మరణమువరకు పూర్తిగా విడువలేదు. ఆ తరువాత అతడు ఆరాధనకు వెళ్లినవాడు కాడు. న్యూటన్ ఏమి చేసెను? నీ విశ్వాసము ఏమాయెనని అడుగలేదు. తన ఇంట ఏడాదికి పైగా అతనిని ఉంచుకొనెను. అతనిని తల్లివలె చూచిన మేరీ అన్విన్ అను విధవరాలుకూడ అక్కడనే యుండెను. అతని జీవనమునకు బంధువులు తలా కొంత వేసి పంపుచుండిరి. ఇదే రెండు దేనారములు. సమరయుడు తిరిగి వచ్చెదనని పూటకూళ్లవానితో చెప్పిన మాటయు ఇదే.

పూటకూళ్లవారందరు మంచివారని నేననుట లేదు. మూడు నిమిషములు చూచి అయిదు రకముల మాత్రలు వ్రాయువారును కలరు. తలుపు తెరచియుంచి పదిమందిలో అడుగరాని మాట అడుగువారును కలరు. అట్టివారియొద్దనుండి లేచి వచ్చుట పాపము కాదు. అయినను మన దేశములో లక్షమంది జనమునకు ఒక మానసిక వైద్యుడైనను లేడు. 2015–16లో 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ పరిశీలనలో, పెద్దవారిలో వందకు పదిమందికి పైగా ఏదో యొక మానసిక బాధతో నున్నట్లు తేలెను. వారిలో ఎక్కువమందికి చికిత్స అందుట లేదు. మీ మందిరములో వందమంది కూర్చుండిన, ఆ పదిమంది ఏ బల్లలమీద నున్నారో మీకు తెలియదు.

ఆ మొదటి దినమున ఫీజు, పరీక్ష, మందులు కలిసి ఆ ఆటో సోదరుని రెండు దినముల సంపాదనకంటె ఎక్కువాయెను. దేనారము కూలివాని ఒక దినపు కూలియని ద్రాక్షతోట ఉపమానములో చూచుచున్నాము. లెక్క సరిగానే యున్నది. అతడు మూడవసారి రాకపోవుటకు కారణము సిగ్గు కాదు, డబ్బు లేమి. నేను పెద్దల సభలో ఈ సంగతి పెట్టితిని. కోశాధికారి మంచివాడే గాని లెక్కలలో కఠినుడు. “పేరు లేకుండ పద్దు ఎలా వ్రాస్తామండీ? ఆడిటరు అడిగితే?” అనెను. పేరు వ్రాసినయెడల పుస్తకము పదిమంది చేతులలో పడును. వ్రాయనియెడల సంఘపు సొమ్మునకు లెక్క లేదు. రెండును నిజమే. ఆ రాత్రి పదకొండు గంటలవరకు వాదించితిమి. ఒకరిద్దరు ఇది సంఘము పని కాదనిరి. ఒక పెద్దమనుష్యుడు మాటలాడక తన జేబులోనుండి డబ్బు తీసి బల్లమీద పెట్టెను. కడపట కోశాధికారియే దారి చూపెను. రసీదులు కవరులో పెట్టి అతికించి తన బీరువాలో ఉంచును, ఆడిటరు ఒక్కడే తెరువవచ్చును. పుస్తకములో మాత్రము “పూటకూళ్లవానికి” అని పద్దు వ్రాయును. డబ్బు కావలసినవారు తిన్నగా అతనియొద్దకే పోవచ్చును, కాపరికి చెప్పనక్కరలేదు.

ఆ సహోదరి ఇప్పుడు ఆదివారపు బడిలో చిన్నపిల్లలకు చెప్పుచున్నది. మాత్రలు తగ్గించిరి, ఇంకను పూర్తిగా మానలేదు. గత నెల లెక్కలు చదువుచుండగా ఆ పద్దు మూడు మారులు వినబడెను. ఒకటి ఆమెది. రెండవది ఎవరిదో ఊహింపగలను. మూడవది ఎవరి కొరకో నాకు తెలియదు. నేను అడుగలేదు.