లెక్కలోకి రానివారు ఎవరు?



ఈస్టరు పండుగ వెళ్ళిన వారానికి మిర్యాలగూడ దగ్గర ఒక పల్లెలో సాయంకాలపు పూజ ముగించి బయటికి వచ్చాను. కరెంటు లేదు, ఆకాశం నిండా చుక్కలు. కోదాడ వైపు నుండి వచ్చి రైసుమిల్లులో బస్తాలు మోస్తున్న ఒక హమాలీ గుడి మెట్లపై కూర్చున్నాడు. సూర్యునివంటి నక్షత్రాలు ఎన్నో ఉన్నాయనీ, వాటి చుట్టూ కూడ గ్రహాలు తిరుగుతాయనీ బడిలో విన్నానని అతని కొడుకు చెప్పాడు. తండ్రి చాలాసేపు పైకి చూసి, "గన్ని లోకాలుంటే మా అసొంటోళ్ళను ఎవరు లెక్కజేస్తరు, ఫాదర్?" అన్నాడు.

"దేవుడు చేస్తాడు" అని చెప్పి, మోటారుసైకిలెక్కి సూర్యాపేట దారి పట్టాను. మాట తప్పు కాదు. కాని అతడు అడిగినది ఆకాశం గురించి కాదు, తన గురించి. ఆ సంగతి దారిలోగాని నాకు తట్టలేదు.

ఆ రాత్రి తూర్పు దక్షిణంగా చిత్తా నక్షత్రం మెరుస్తున్నది. మన చైత్రమాసానికి పేరిచ్చిన చుక్క అదే. దానికి కొంచెం దక్షిణంగా, చీకటి బాగా ఉంటే కంటికి ఆనే ఒక చిన్న చుక్క ఉన్నది. శాస్త్రజ్ఞులు దానిని '61 వర్జినిస్' అంటారు. సూర్యునికంటే కాస్త చిన్నది. దాని వెలుగు మనలను చేరడానికి సుమారు 28 ఏళ్ళు పడుతుంది. దాని చుట్టూ గ్రహాలున్నాయని 2009 డిసెంబరులో ప్రకటించారు. అన్నిటికంటే లోపలి గ్రహం భూమికి కనీసం ఐదు రెట్ల బరువు. నాలుగు రోజుల చిల్లరలో ఒక చుట్టు తిరుగుతుంది. అంత దగ్గరగా కాగుతున్నచోట మనవంటి జీవం ఉండజాలదు.

ఆ గ్రహాన్ని కంటితో చూసినవారు లేరు. అది లాగుతుంటే నక్షత్రమే కొద్దిగా ఇటూ అటూ కదులుతుంది. రైలు కూత దగ్గరకు వచ్చేటప్పుడు ఒకలా, దూరమయ్యేటప్పుడు మరోలా వినిపించినట్లే నక్షత్రపు వెలుగూ మారుతుంది. ఆ కదలిక సెకనుకు సుమారు రెండు మీటర్లు, అంటే మనిషి వడివడిగా నడిచే వేగం. చిన్నది పెద్దదానిని కదిలించిందన్నమాట. అయితే ఇది ఉపమానమే కాని రుజువు కాదు. బరువును బట్టి మనిషి విలువ తేలదు. పరిమాణం వేరు, విలువ వేరు.

మరి విలువ ఎక్కడ తెలుస్తుంది? ఎవరైనా ఓపికగా చూసినచోట తెలుస్తుంది. 1887లో పారిస్‌లో ఆకాశమంతటినీ ఫొటోలు తీసి చుక్కల పట్టిక వ్రాయాలని సంకల్పించారు. దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని పంచుకున్నాయి. హైదరాబాదు నిజామియా వేధశాలకు వచ్చిన ఒక భాగంలోనే ఈ 61 వర్జినిస్ ఉన్నది. వాటికన్ వేధశాలకు ఉత్తరపు భాగం వచ్చింది. అక్కడ 1910 నుండి 1921 వరకు నలుగురు మఠకన్యలు గాజు పలకలపై 4 లక్షల 80 వేలకు పైగా చుక్కల స్థానాలు ఒక్కొక్కటిగా కొలిచారు. హైదరాబాదులోనూ లక్షలాది చుక్కలను అలాగే కొలిచారు.  ఆ చుక్కలలో దేనికి గ్రహాలున్నవో వారికి తెలియదు. అయినా చిన్నదానినీ పెద్దదాని శ్రద్ధతోనే కొలిచారు.

సృష్టి విశాలమైనది గనుక సృష్టికర్తకు తీరిక ఉండదనుకోవడం మన పొరపాటు. తీరిక లేనిది మనకు. మిల్లులో బస్తాల లెక్క తప్పకుండా వ్రాస్తారు. మోసినవాని నడుము నొప్పి ఏ పుస్తకానికీ ఎక్కదు. గుడిలో చందాల లెక్క నేనూ వ్రాస్తాను. కాని ఆ రాత్రి నాకు ఆ ప్రశ్న వేసినవాని పేరు అడగనేలేదు.

వచ్చే వారం మళ్ళీ ఆ పల్లెకు పూజకు వెళ్ళాలి. ముందుగా అతని పేరు అడుగుతాను. జవాబు ఆ తరువాత.