సూర్యుని కావలి

ఆపజాలని దానిని ముందుగా తెలిసికొనుట వలన ప్రయోజనమేమి? ఇది పాత ప్రశ్న. గ్రహణము రానున్నదని పంచాంగము చెప్పును. దానిని ఆపుమని సిద్ధాంతిని ఎవ్వరును అడుగరు. నేడు సూర్యునిపై లేచు మంటలను రేయింబవళ్లు కనిపెట్టుచున్న వారి విషయమునను మనకు ఈ ప్రశ్నయే కలుగుచున్నది.

సూర్యబింబముపై మచ్చలుండు తావులలో అయస్కాంతశక్తి చిక్కులు పడి, ఒక్కపెట్టున విడివడినప్పుడు పుట్టు విస్ఫోటనమును సౌరజ్వాల యందురు. దాని ఎక్స్ కిరణములు ఎనిమిది నిమిషములలో భూమిని చేరి, పైవాతావరణమును కలచి, రేడియో ప్రసారములను చెరచును. వాతావరణము ఆ కిరణములను మింగివేయును గనుక, నేలపై నిలిచి వానిని కొలువజాలము. అందుచేతనే పరికరములను అంతరిక్షమునకు పంపవలసి వచ్చినది.

మన దేశపు ఆదిత్య-ఎల్1 నౌక 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరి, 2024 జనవరి 6న భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన కక్ష్యను చేరినది. అచ్చట రాత్రి లేదు, గ్రహణము లేదు. దాని ఏడు పరికరములలో రెండు సౌరజ్వాలల ఎక్స్ కిరణములను కొలుచుటకే ఏర్పడినవి. అవి బెంగుళూరులో రూపొందినవి. 1899లో కొడైకెనాల్ కొండపై నెలకొన్న వేధశాల తరతరములుగా కాచిన కావలికి ఇది కొనసాగింపు.

ఇంత కాచినను జ్వాల ఆగదు గదా యని కొందరు అడుగవచ్చును. వారికి ఒక సంగతి చెప్పవలసియున్నది.

1967 మే 23న, అమెరికా, సోవియట్ రాజ్యములు ఒకదానినొకటి అనుమానముతో చూచుకొను కాలమున, క్షిపణుల రాకను కనిపెట్టుటకై ఉత్తరదిక్కున నెలకొల్పిన అమెరికా రాడార్లు మూడు చోట్లను ఒక్కమారుగా చెదరినవి. సోవియట్ వారే పనిగట్టుకొని చెరచిరని తలచి, సేనాధికారులు విమానములను సిద్ధపరచిరి. అంతలో సూర్యుని పరిశీలించు కొద్దిమంది నిపుణులు, ఇది పెద్ద సౌరజ్వాల చేసిన పనియని తెలియజేసిరి. దాడి జరుగలేదు. ఈ వృత్తాంతము 2016లో విపులముగా వెల్లడియైనది.

ఆ నిపుణులు సూర్యుని ఆపలేకపోయిరి, మనుష్యుని ఆపగలిగిరి. కీడు మూడినప్పుడు కారణము తెలియనిచో మనస్సు ఊరకుండదు. చేరువనున్న పరాయివానిని కారణముగా కల్పించుకొనును. పరభాషల నడుమ తరతరములుగా కాపురముండు మనకు ఇది తెలియని విషయము కాదు. వీధికుళాయిలో నీరు రాకున్నను, పిల్లవానికి కళాశాలలో చోటు దొరకకున్నను, ‘వాళ్లే చేసినారు’ అను మాట మన నోటను, మనలనుగూర్చి ఇరుగుపొరుగు నోటను వినవచ్చుచునే యున్నది.

లోకమున అన్యాయమే లేదని మన మనుటలేదు. 1967లో ఆ రెండు రాజ్యముల వైరము కల్ల కాదు. అయినను ఆనాటి నేరము మాత్రము ఆ వైరముది కాదు. వైరమున్న చోటనే కారణమును మరింత ఓపికతో వెదకవలెను. తెలిసికొనుట వలన మనకు ఒనగూడు మొదటి మేలు ఇదియే: నిరపరాధిపై చేయి ఎత్తకుండుట.

అంత దూరమున సూర్యునికి కావలియున్న నౌకను పంపగలిగిన వారము. ఒకరిని నిందించుటకు ముందు మన గుమ్మములో ఒక్క నిమిషము నిలిచి, నిజమేదో విచారింపలేమా?