చేయని పనికి కర్త ఎవరు?

చేసిన తప్పుకు కర్తను చూపడం సులువు. చేయకుండా వదిలేసిన పనికి కర్త ఎవరన్నది మాత్రం మన దర్శనాల్లో పాత తగవు. విధించిన నిత్యకర్మను మానేస్తే ప్రత్యవాయ దోషం అంటుతుందన్నది మీమాంసకుల పక్షం. తైత్తిరీయోపనిషత్తు భాష్యంలో శంకరులు దీన్ని అంగీకరించలేదు. చేయకపోవడం ఒక అభావం, అభావం నుంచి పాపమనే భావపదార్థం ఎలా పుడుతుందని ఆయన ఆక్షేపణ. కర్మ మానడం అంతకుముందే ఉన్న దోషానికి లక్షణం మాత్రమేనన్నారు. వైదిక కర్మల మీద సాగిన ఈ చర్చకు ఈనాడు ప్రాణాల మీదికి వచ్చే చోటు కర్మాగారం. గడువు దాటినా పూర్తికాని మెయింటెనెన్స్ వర్క్ ఆర్డర్ అక్కడి 'అకరణం'. గడువు దాటిన వెంటనే కంప్యూటరే సంబంధిత ఉద్యోగికి హెచ్చరిక పంపే ఏర్పాటు ఇప్పుడు చాలా సంస్థల్లో ఉంది. దాన్ని సాంకేతిక సౌకర్యంగా మాత్రమే చూడటం చాలదు. ఆ హెచ్చరిక మన బదులు కర్తవ్యాన్ని నెరవేర్చలేదు. కానీ చేయకపోవడాన్ని తెలిసి తీసుకున్న నిర్ణయంగా మార్చి, ఆ నిర్ణయానికి ఒక కర్తను నిలబెడుతుంది. దాని విలువంతా అక్కడే ఉంది.

భోపాల్‌నే చూడండి. 1984 డిసెంబర్ 2 రాత్రి యూనియన్ కార్బైడ్ ట్యాంకులోని మిథైల్ ఐసోసైనేట్‌లో నీరు కలిసి విషవాయువు ఎగజిమ్మినప్పుడు, దాన్ని అడ్డుకోవాల్సిన ఏర్పాట్లు పనిచేసే స్థితిలో లేవు. ట్యాంకును చల్లగా ఉంచే రిఫ్రిజిరేషన్ యూనిట్‌ను నెలల ముందే ఆపేశారు. వాయువును కాల్చివేయాల్సిన ఫ్లేర్ టవర్‌కు వెళ్లే గొట్టంలో తుప్పుపట్టిన భాగాన్ని మరమ్మతు కోసం తీసేశారు, కొత్తది బిగించలేదు. నీరు ట్యాంకులోకి ఎలా చేరిందన్నది నేటికీ వివాదమే. గొట్టం లేదన్నది మాత్రం వివాదం కాదు. లేని గొట్టం విషాన్ని పుట్టించలేదన్న మాట నిజమే, అంతవరకు శంకరుల తర్కం నిలుస్తుంది. అది ముందునుంచీ ఉన్న దోషానికి లక్షణమన్నదీ నిజమే. ఖర్చు తగ్గించాలని, మనుషుల్ని తగ్గించాలని ఎప్పుడో ఎక్కడో తీసుకున్న నిర్ణయాలే ఆ ఖాళీలో కనిపిస్తాయి. అయితే లక్షణం కళ్లబడ్డాక పరిస్థితి మారిపోతుంది. రోగం తెలిసి మందు మానడాన్ని అభావమని ఎవరూ అనరు. తెలిసి వాయిదా వేయడం మనసు చేసిన పని, అది భావమే. మీమాంసకులు చెప్పిన దోషం ఇక్కడినుంచి మొదలవుతుంది. ఎరుక లేని అకరణాన్ని ఎరుకగల అకరణంగా మార్చేదే హెచ్చరిక.

కాబట్టి హెచ్చరికను ఎలా అమర్చామన్నదీ ధర్మానికి సంబంధించిన విషయమే. గడువు తేదీ దాటి, ఇంకా ముగియని ఆర్డర్లను ప్రతి ఉదయం వెదికి పట్టే నియమం రాయడం కంప్యూటర్‌కు చిటికెలో పని. ఆ జాబితా ఎవరికి వెళ్లాలన్నదే అసలు ప్రశ్న. ఒక విభాగం మొత్తానికి పంపిన సందేశం ఎవరిదీ కాదు, పేరున్న ఒక మనిషికి వెళ్లాలి. ఆయన కదలకపోతే కొన్ని రోజులకు పైఅధికారికి, ఆ తరువాత ప్లాంట్ మేనేజర్‌కు చేరాలి. గడువును ముందుకు జరిపితే ఆర్డర్ జాబితాలోంచి మాయమైపోతుంది, పని మాత్రం అలాగే ఉంటుంది. అందుకే తేదీ మార్చిన ప్రతిసారీ కారణమూ, అనుమతించినవారి పేరూ రికార్డులో ఉండాలి.

గుర్తుచేస్తే గాని చేయనిది కర్తవ్యమెలా అవుతుంది, యంత్రానికి అప్పగించిన జ్ఞాపకం మనిషి అంతఃకరణాన్ని మొద్దుబార్చదా అని అడిగేవారున్నారు. ఆలోచించదగ్గ ప్రశ్నే. కానీ ధర్మం మనిషి జ్ఞాపకశక్తిని ఎన్నడూ అంతగా నమ్ముకోలేదు. తిథివారాలకు పంచాంగం పెట్టుకుంది, పూజవేళకు గుడిగంట పెట్టుకుంది. రోజుకు ఐదుసార్లు అజాన్ వినిపిస్తుంది, చర్చి గంట మోగుతుంది. వీటివల్ల భక్తి పలచబడిందని ఎవరూ అనరు. పిలుపు బయటినుంచి వస్తుంది, లేచి వెళ్లడం మనిషి చేతిలోనే ఉంటుంది. వేల యంత్రాలున్న ప్లాంట్‌లో ఏ వాల్వు పరీక్ష ఎప్పుడో గుర్తుంచుకోవడం ఎవరి శీలానికీ పరీక్ష కాదు. గుర్తుచేశాక ఏం చేశామన్నదే పరీక్ష.

హెచ్చరికలు ఎక్కువైతే ఎవరూ వినరన్న రెండో ఆక్షేపణ మరింత బలమైనది. 1994 జూలై 24న వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ దగ్గర టెక్సాకో రిఫైనరీలో పేలుడుకు ముందటి చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారాలు వచ్చాయి. ఏది ముఖ్యమో తేల్చుకోవడం ఏ మనిషికీ సాధ్యంకాని పని. అవి కంట్రోల్ రూమ్ అలారాలే అయినా, పాఠం మన విషయానికీ వర్తిస్తుంది. అన్నిటికీ ఒకే కేక పెట్టే యంత్రం ఎరుకను పెంచదు, చంపుతుంది. దీనికి మందు హెచ్చరికలను మానడం కాదు, వివేకం. రిలీఫ్ వాల్వు, ఫైర్ పంపు, గ్యాస్ డిటెక్టర్ వంటివి ఒక వరసలో, గోడకు రంగు వేయడం మరో వరసలో ఉండాలి. అన్నీ ముఖ్యమేనని అన్నవాడు ఏదీ ఎంచుకోని వాడే.

ఇక మూడోది న్యాయానికి సంబంధించిన అభ్యంతరం. స్పేర్ పార్టు కొనే అధికారం టెక్నీషియన్‌కు లేదు, ప్లాంట్ ఆపమనే అధికారం ఫోర్‌మన్‌కు లేదు. అయినా ఎర్రగీత వాళ్ల పేరు కిందే పడుతుంది. ఇలాగైతే హెచ్చరిక కింది ఉద్యోగి వీపుమీద కొరడా అవుతుంది. దీనికి జవాబు మీమాంసలోనే ఉంది. సామర్థ్యం లేనివాడికి అధికారం లేదు, అధికారం లేనివాడికి విధీ లేదు. పని ఆగింది డబ్బు దగ్గరైతే డబ్బు మంజూరు చేసేవారికి, ఉత్పత్తి ఆపడం దగ్గరైతే ఆ అధికారమున్నవారికి సందేశం చేరాలి. కింద ఆగిపోయే హెచ్చరిక అధర్మాన్ని దాచిపెడుతుంది, పైదాకా వెళ్లేదే దాన్ని బయటపెడుతుంది. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుమంది చనిపోయారు. సైరన్ ఏర్పాటు ఉన్నా మోగించలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. పరికరం ఉన్నంత మాత్రాన కర్త ఉన్నట్టు కాదు.

కర్మాగారాలు, ఆసుపత్రులు, ఆనకట్టలు నడిపేవారికి నా విన్నపం ఇదే. ఈ ఏర్పాటు పెట్టండి, పెట్టాక అది పంపే జాబితాలో మొదటి పేరు మీదే ఉండనివ్వండి. తెలియదన్న సాకు ఒకసారి పోయాక, చేయని పనికి కర్త తెలిసి ఆపినవారే.