అరిగిపోని చెప్పులు

ధ్యానవాక్యములు: ద్వితీయోపదేశకాండము 29:5, హెబ్రీయులకు 13:5



ఇశ్రాయేలీయులు 40 సంవత్సరములు అరణ్యములో నడిచిరి. దేవుడు వారికి ఏటేట క్రొత్త చెప్పులు ఇచ్చెనని వ్రాయబడలేదు. కాళ్లకున్న చెప్పులనే అరిగిపోకుండ కాపాడెనని మోషే వారికి జ్ఞాపకము చేయుచున్నాడు. ఇదియు గొప్ప అద్భుతమే. అయితే అది దినదినము కాళ్లక్రిందనే జరుగుచుండెను గనుక వారు దానిని గుర్తింపలేదు.

నా తప్పును చెప్పుకొందును. దేవరకొండ ప్రాంతపు పల్లెలు తిరుగుటకు నాకొక పాత సైకిలు కలదు. ఒక కోతపండుగ నాడు మా సంఘపు యువకుడొకడు గేర్ల సైకిలు కొని తెచ్చెను. దానిని చూచినది మొదలు నా సైకిలు నా కంటికి ఆనలేదు. తుమ్మముల్లు గ్రుచ్చుకొని పంక్చరైనప్పుడు బాగుచేయింపక, క్రొత్తది కొందునులే అని గోడకు ఆనించితిని. మూడు నెలలు దూరపు పల్లెలకు వెళ్లనేలేదు.

తుదకు వెళ్లినప్పుడు మంచము పట్టిన ఒక అవ్వ, "అయ్యగారూ, మీ సైకిలు ఎవలన్న ఎత్కపోయిన్రా? ప్రభువు బల్ల కోసం ఎదురుచూసిన" అనెను. నేను తల వంచుకొంటిని. దొంగ ఎవడును రాలేదు. నా ఆశయే దానిని ఎత్తుకొనిపోయినది. పంక్చరు వేయించుటకు అరగంటయైనను పట్టలేదు!

పదియవ ఆజ్ఞలో పొరుగువాని ఎద్దును గాడిదను ఆశింపకూడదని యున్నది (నిర్గమ. 20:17). ఆ దినములలో గాడిదయే వాహనము. నేడు సైకిలు గలవాడు మోటారుసైకిలును, మోటారుసైకిలు గలవాడు కారును చూచుచున్నాడు. ఆశ తీరదు గాని కిస్తీ మాత్రము నెలనెల తలుపు తట్టును. అవసరము వేరు, ఆశ వేరు. రోగిని ఆసుపత్రికో, పంటను అంగడికో చేర్చుటకు తన శక్తికొలది బండి కొనుట పాపము కాదు. పొరుగువానిని చూచి అప్పుచేసి కొనుటయే ఉరి.

1890లో ఫ్రీసెను దొరగారు నల్లగొండలో మిషను పని ఆరంభించిన దినములలో కాలినడకయు ఎడ్లబండియే గతి. అయినను సువార్త మన తాతల వాకిండ్లకు వచ్చినది.

1951లో సోనీపతులో పుట్టిన అట్లాసు సైకిళ్ల కంపెనీ 2020 జూన్ 3న సాహిబాబాదు కర్మాగారములో పని నిలిపివేసెను. చేసినచోట తలుపులు మూతపడినను, నూనె వేసి చూచుకొనువాని యింట ఆ సైకిలు నడచుచునే యున్నది. దేవుడిచ్చినదానిని కాపాడుకొనుటయు స్తోత్రమే.

హెబ్రీ పత్రిక చెప్పు తృప్తికి మన వస్తువు మంచిదగుట కారణము కాదు. దేవుడు మనలను విడువననుటయే కారణము. వస్తువు పాతబడును, ఆయన మాట పాతబడదు.

కాబట్టి ఈ శనివారము సాయంకాలము మీ సైకిలు తుడిచి, చైనుకు నూనె వేసి, అది ఇన్నాళ్లు మిమ్మును ఎక్కడెక్కడికి చేర్చెనో తలంచుకొనుడి. ఆదివారమున నడువలేని ఒకరిని క్యారియరు మీద కూర్చుండబెట్టుకొని గుడికి తీసికొనిరండి.

ప్రార్థన: తండ్రీ, మా చేతిలో ఉన్నదానియందు నీ దయను చూచు కన్నులు మాకిమ్ము. దానితో నీ పని చేయనిమ్ము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.