మళ్ళీ కృష్ణుడి వేషం

"ఇక్కడ గుడ్డ బిగించి కట్టేద్దామమ్మా. లేకపోతే కృష్ణుడు కనపడడు" అన్నాడు మేకప్ చేసే ఆయన. చేతిలో నాలుగు మడతలు పెట్టిన తెల్లటి గుడ్డ ఉంది. చల్లపల్లిలో ఒక కల్యాణమండపం వెనకగది. అవతల హాల్లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు. మా మాస్టారి దగ్గర నాట్యం నేర్చుకున్న పాత విద్యార్థులం కలిసి ఆయనకి సన్మానం పెట్టుకున్నాం. భామాకలాపంలో కొంతభాగం చేద్దామనుకున్నాం. చిన్నప్పుడు సత్యభామ వేసిన నేస్తమే ఇప్పుడూ సత్యభామ. చిన్నప్పుడు కృష్ణుడు వేసిన నేనే ఇప్పుడూ కృష్ణుణ్ణి. మధ్యలో ఇరవై ఆరేళ్ళు గడిచాయి. నాకిప్పుడు ముప్ఫై ఎనిమిది.

ఆ గుడ్డ కట్టించుకోవాలా వద్దా అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న. ఇంత చిన్న విషయానికి ఇన్ని పేజీలెందుకని మీకనిపించొచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది.

మాది నాట్యకుటుంబం కాదు. కాలవ కింద నాలుగెకరాల వరి, వరి కోశాక మినుములు. కూచిపూడి మా ఊరికి పామర్రు రోడ్డు మీదే ఉండటం వల్ల, అక్కణ్ణుంచి మాస్టారు వారానికి రెండురోజులు బస్సులో వచ్చి పాఠం చెప్పేవారు కాబట్టి, నాకు నాట్యం అబ్బింది. పదేళ్ళప్పుడు నా చేత కృష్ణుడు వేయించారు. పొట్టి జుట్టు, బక్క ఒళ్ళు, చామనఛాయ. "అచ్చం చిన్నికృష్ణుడే" అన్నారు అందరూ. ఆడపిల్లకి మగవేషం ఏమిటని ఒక్కరూ అడగలేదు. పంచె, ఉత్తరీయం, నెత్తిన పింఛం. నా ఒంటికీ ఆ బట్టలకీ మధ్య ఏ తగువూ ఉండేది కాదు.

పన్నెండేళ్ళకి రజస్వలనయ్యాను. ఆ ఏడు కృష్ణుడి వేషం ఇంకో పిల్లకి వెళ్ళింది. ఎవరూ తిట్టలేదు, వద్దనీ అనలేదు. "ఇంక నీకు సఖి వేషం బాగుంటుందిలే" అన్నారంతే. నాకు పైట ఇచ్చి పింఛం తీసుకున్నారు. జయప్రభ పైట మీద రాసిన కవిత చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ సాయంత్రమే. చాలామంది ఆడపిల్లలకి పైట రావడమంటే ఒక బట్ట కొత్తగా రావడం. నాకు ఒక పాత్ర పోవడం కూడా.

అంతకన్నా వింత ఏమిటంటే, ఇది జరిగింది కూచిపూడికి కూతవేటు దూరంలో. ఆడ మగ వేషాల మార్పిడి మీదే నిలబడ్డ కళ అది. సిద్ధేంద్రయోగి నియమం ప్రకారం కూచిపూడి భాగవతుల ఇళ్ళలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని చెప్పుకుంటారు. ఈ పరంపరకి శిఖరం వేదాంతం సత్యనారాయణ శర్మగారు. 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ. తెరమీంచి జడ ఇవతలికి వేస్తే చాలు, ఆయన మొహం చూడకుండానే జనం సత్యభామని చూసేవారని పెద్దలంటారు. ఆయన 2012లో పోయారు. పెద్దవయసులో ఆయన చేసిన అభినయం వీడియోల్లో చూశాను. బుగ్గలు జారాయి, మెడ కింద చర్మం వదులైంది. అయినా కనుబొమ కదిలిందంటే అక్కడ ముసలాయన లేడు, అలిగిన సత్య ఉంది. చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆ మెప్పులో నాకే అనుమానమూ లేదు.

నాటకరంగంలో స్థానం నరసింహారావుగారిదీ ఇలాంటి కథే. 1902లో పుట్టి, శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా ఆంధ్రదేశాన్ని ఏలి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. వీళ్ళ గురించి రాసినవాళ్ళంతా ఒకే మాట రాస్తారు. శరీరం అడ్డు కాలేదని, కళ శరీరాన్ని జయించిందని.

నా ఇబ్బంది ఈ మాట దగ్గరే. కళ శరీరాన్ని జయిస్తుందన్నది నిజమే అయితే, అది అందరి శరీరాలనీ జయించాలి కదా? మగవాడి బొజ్జ, జారిన బుగ్గలు, నెరిసిన వెంట్రుకలు సత్యభామకి అడ్డు రాకపోతే, నా రొమ్ములు, సిజేరియన్ తర్వాత ఇంక బిగుసుకోని పొట్ట, వెడల్పయిన నడుము కృష్ణుడికి ఎందుకు అడ్డొస్తాయి?

మాస్టారితోనే అన్నానీ మాట. ఆయనకిప్పుడు డెబ్భై దాటాయి. నవ్వారు. "మా నాన్నగారు యాభైల్లో సత్యభామ కట్టారమ్మా. ఆయన బొజ్జ గురించి ఎవరూ అడగలేదు" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "నువ్వు మాత్రం గుడ్డ కట్టించుకో తల్లీ. చూసేవాళ్ళకి ఇబ్బంది" అన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఇసుమంత కూడా తగ్గలేదు. కానీ ఆ రెండు వాక్యాల మధ్య ఆయనకి ఏ వైరుధ్యమూ కనపడకపోవడం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక, ఈ నాట్యం ఆడపిల్లల చేతుల్లోకి వేగంగా వచ్చింది. 2016 డిసెంబరులో విజయవాడలో ఆరువేల పైచిలుకు మంది ఒకేసారి నర్తించి గిన్నిస్ రికార్డు కొట్టినప్పుడు వేదిక నిండా ఎక్కువగా ఆడపిల్లలే. మగపాత్రలు కూడా ఆడవాళ్ళే వేయడం ఎప్పుడో మామూలైంది. కాబట్టి ఆడవాళ్ళకి మగవేషం నిషిద్ధమని నేననడం లేదు. సన్నగా, లేతగా, ఒంటిమీద ఏ కథా రాయబడనంతవరకూ అది మనకి దొరుకుతుందంటున్నాను. పిల్లని కన్న ఒళ్ళు, పాలిచ్చిన ఒళ్ళు ఆ వేషంలోకి తిరిగి రావాలంటే మాత్రం ముందు తనని తాను దాచుకోవాలి.

అయితే నా కష్టాన్ని మరీ పెద్దది చేసుకోకూడదు. వేషం మార్చినందుకు ఇంతకన్నా చాలా ఎక్కువ మూల్యం చెల్లించినవాళ్ళున్నారు.

గోదావరి డెల్టాలో కలావంతుల స్త్రీలు భామాకలాపం ఆడేవారు. సత్యభామని వాళ్ళు అరువు శరీరంతో ఆడలేదు, సొంత శరీరంతో ఆడారు. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చాక వాళ్ళకున్న వేదికలు మూతపడ్డాయి. పసిపిల్లల్ని దేవుడికి అంకితమిచ్చే ఆచారం పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ ఆచారంతోపాటు వాళ్ళ కళ కూడా అగౌరవమైపోయిన కాలంలోనే, బ్రాహ్మణ పురుషుడు వేసిన సత్యభామ శాస్త్రీయకళగా గుర్తింపు పొందింది. స్త్రీ చేస్తే తప్పయిన స్త్రీత్వం మగవాడు చేస్తే శాస్త్రమైంది.

ఇంకోవైపు హైదరాబాదు. నిజాం రాజ్యంలో 1919లో, అంటే ఫసలీ 1329లో చేసిన ఒక చట్టం ప్రకారం, హిజ్రాలు ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని బయట కనపడితే, వీధిలో పాడినా ఆడినా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళదాకా జైలు. తెలంగాణ హైకోర్టు ఈ చట్టాన్ని రాజ్యాంగవిరుద్ధమని కొట్టేసింది 2023 జూలైలో. ఆలోచించండి. సత్యనారాయణ శర్మగారికి పద్మశ్రీ వచ్చిన 1970లో కూడా ఈ చట్టం పుస్తకాల్లో ఉంది. అదే చీర, అదే జడ, అదే పూలు. ఒక ఒంటిమీద పద్మశ్రీ, ఇంకో ఒంటిమీద నేరం. తేడా చీరలో లేదు. లోపలున్న శరీరం ఏ కులానిది, దాన్ని విప్పేసి ఇంటికి వెళ్ళి మగవాడిగా, భర్తగా, తండ్రిగా బతకగలదా లేదా అన్నదాంట్లో ఉంది. విప్పగలిగితే వేషం. విప్పలేకపోతే, విప్పనంటే, నేరం.

ఇదంతా తెలిసినదాన్నే కదా, మరి ఆ గుడ్డ ముందు ఎందుకు తటపటాయించాను? ఎందుకంటే అవతలి వాదన కూడా తేలికైనది కాదు. స్త్రీవేషం కట్టే మగవాళ్ళూ ఒంటిని దాచుకుంటారు. నున్నగా గడ్డం గీసుకుంటారు, రవికె లోపల ఎత్తు పెట్టుకుంటారు, గంటలకొద్దీ అద్దం ముందు కూర్చుంటారు. వాళ్ళు పడ్డ శ్రమ నేనెందుకు పడకూడదు? శరీరాన్ని ఉన్నదున్నట్టు తీసుకొచ్చి నిలబెడితే అది వేషమెలా అవుతుంది? నా నేస్తం కూడా ఇదే అంది. "నీ సిద్ధాంతం నాకెందుకే, జనం నీ వంక చూస్తుంటే నా సత్యభామని ఎవరు చూస్తారు?" అంది. న్యాయమైన మాటే.

దీనికి జవాబు పుస్తకాల్లో వెతికాను. జుడిత్ బట్లర్ 1990లో జెండర్ అంటే లోపల ఉండేది కాదు, చేస్తూ చేస్తూ తయారయ్యేదని వాదించింది. డాక్టరేట్ చేసేరోజుల్లో ఆ పుస్తకాన్ని గీతలు గీసి గీసి చదివాను. కానీ జవాబు భామాకలాపంలోనే, నా చిన్నప్పట్నుంచీ కళ్ళముందే ఉందని ఆ రాత్రి తట్టింది. ఆ జవాబు మాధవి.

భామాకలాపంలో సూత్రధారుడే సత్యభామకి చెలికత్తె మాధవి అవుతాడు. కృష్ణుడి దగ్గరకి వెళ్ళేసరికి అదే మనిషి మాధవుడు అవుతాడు. బట్టలు మార్చడు. చీర కట్టడు, జడ వేసుకోడు. పంచె కట్టుకున్న నడివయసు మగమనిషి గొంతు కాస్త మారుస్తాడు, నిలబడే తీరు మారుస్తాడు, అంతే. సత్యభామ అతన్ని "మాధవీ" అని పిలిచి, ఆడదానితో తప్ప చెప్పుకోని గుట్టంతా చెప్పుకుంటుంది. చూసేవాళ్ళెవరికీ ఇబ్బంది లేదు. అంటే వేషం పూర్తిగా ఒంటిలో లేదనీ, ఎదురుగా ఉన్న మనిషి పిలిచే పిలుపులో, చూసేవాళ్ళు ఒప్పుకునే ఒప్పుదలలో ఉందనీ ఈ సంప్రదాయానికి ఎప్పట్నుంచో తెలుసు.

కానీ ఇక్కడే ఇంకో చిక్కు. సూత్రధారుడి శరీరం తెల్లకాగితం లాంటిది. దానిమీద మాధవి అని రాస్తే మాధవి, మాధవుడంటే మాధవుడు. ఆడదాని శరీరాన్ని ఎవరూ అలా తెల్లకాగితంగా చూడరు. దానిమీద ముందే అన్నీ రాసి ఉంటాయి. ఇంటాయన పేరు, పిల్లల సంఖ్య, కొలతలు. ఆ ఒప్పుదల నాకు దొరుకుతుందా? దొరక్కపోవచ్చు. అడగకపోతే మాత్రం ఎప్పటికీ దొరకదు. గుడ్డ బిగించుకున్నానంటే అడగకుండానే తప్పుకున్నట్టు.

గుడ్డ మడిచి మేకప్ ఆయనకి ఇచ్చేశాను. "మీ ఇష్టమమ్మా" అన్నాడు, నొచ్చుకున్నట్టే.

వేదిక మీద ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను. మొదట కొందరు కుర్రాళ్ళు నవ్వారు. మా అమ్మ మూడోవరసలో తలవంచుకుని కూర్చుంది. నాకు దరువు మీద కన్నా నా ఛాతీ మీదే ధ్యాస ఉంది, దాంతో రెండుచోట్ల తాళం తప్పాను. ఒంటిని మర్చిపోవడం స్వేచ్ఛ అనుకుంటాం. దాచని ఒంటిని మర్చిపోవడం ఇంకా కష్టమని అప్పుడు తెలిసింది. తర్వాత సత్య అలక. కృష్ణుడు మోకాలి మీద దిగి బతిమాలాలి. దిగాను. లేవలేకపోయాను. పదేళ్ళప్పుడు బంతిలా లేచిన చోట, తొడమీద చెయ్యి ఆన్చి లేవబోతుంటే, అలిగి మొహం తిప్పుకోవాల్సిన సత్యభామ వంగి చెయ్యందించింది. మాకు నేర్పినదాంట్లో అది లేదు. హాల్లో నవ్వు ఆగిపోయింది. ఆ కాసేపు అక్కడ ఇరవయ్యేళ్ళ ప్రేమికులు లేరు. చాలాకాలం కలిసి బతికి, పోట్లాడుకోవడం కూడా అలవాటైన ఇద్దరున్నారు.

దిగి వచ్చాక ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. "కృష్ణుడికి మాత్రం వయసు రాదుటే?" అంది. నిజమే కదా. భాగవతం ప్రకారం కృష్ణుడు నూట పాతికేళ్ళు ఈ నేలమీద ఉన్నాడు. మనవలని చూశాడు, తన వంశం తన్నుకుని చావడం చూశాడు, చివరికి వేటగాడి బాణానికి చెట్టుకింద పోయాడు. మన బొమ్మల్లో, మన వేదికల మీద మాత్రం ఆయన్ని పదహారేళ్ళ దగ్గర ఆపేశాం. ఆడదాన్ని దాచి వయసుని దాచి అక్కడ నిలబెట్టబోయింది ఎవరిని?

మాస్టారు ఏమీ అనలేదు. కాళ్ళకి దణ్ణం పెట్టినప్పుడు నెత్తిన చెయ్యి ఉంచి, మామూలుకన్నా కొంచెంసేపు అక్కడే ఉంచారు. దాన్ని ఒప్పుదల అనుకోవాలా, క్షమ అనుకోవాలా నాకింకా తెలియదు. అమ్మ ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. వచ్చాక నా మోకాలికి కొబ్బరినూనె వేడిచేసి రాస్తూ, "వచ్చే ఏడు చేస్తే ముందే సాధన మొదలుపెట్టు" అంది.

నేను గెలిచానని రాయడం లేదు. మంచి కృష్ణుణ్ణి చేశానని కూడా అనను. నా ఒంటితో ఆ వేషంలోకి రావడానికి ఎవరి అనుమతి కావాలో మొదటిసారి కళ్ళారా చూశాను, అంతవరకే. నా కూతురికి తొమ్మిదేళ్ళు. వచ్చే ఏడు తానూ కృష్ణుడు వేస్తానంటోంది. వెయ్యనిస్తాను. దాని పదమూడో ఏడు కూడా ఆ పింఛం దాని దగ్గరే ఉండాలి. నేను చూసుకోవాల్సింది అదే.