తలనొప్పికి కారణం ఎక్కడ వెతకాలి?



ధమ్మ బంధువులారా, మీ ఇంట్లో నెలకు రెండు మూడుసార్లు ఒకపక్క తల పగిలిపోతోందని చీకట్లో పడుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? వెలుతురు చూడలేరు, చప్పుడు భరించలేరు, వాంతులు. మర్నాడు లేచి పనిలో పడతారు. దాంతో చుట్టూ ఉన్నవాళ్లు "పని ఎగ్గొట్టే వేషం" అంటారు. వేషం కాదు. అది పార్శ్వపు నొప్పి, మైగ్రేన్. మగవాళ్లకంటే ఆడవాళ్లలో సుమారు మూడు రెట్లు ఎక్కువ. మామూలుగా స్కానింగులో దాని ఆనవాలు కనపడదు.

నాకూ ఉంది. పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఏమీ తేలని చోట మనవాళ్లు ఏం వెతుకుతారో మీకు తెలుసు. అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. దీక్ష తీసుకుని ఏళ్లయిన బంధువొకాయన "ఏ జన్మలో ఏం చేసుకున్నావో" అన్నాడు. గోడ మీద బాబాసాహెబ్ ఫొటో, నోట్లో పూర్వజన్మ పాపం! ఆయన్ని ఎగతాళి చేయను. నొప్పి ముదిరిన రాత్రి నాకూ నిజమేనేమో అనిపించింది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. రాజగృహంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి ఇదే అడిగాడు: మనిషి అనుభవించేదంతా గతంలో చేసినదాని ఫలమేనని కొందరంటున్నారు, మీరేమంటారు? బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్పాడు. పిత్తం, కఫం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, దెబ్బ తగలడం, కర్మ ఫలం. కర్మ కూడా ఉంది, దాచనక్కర్లేదు. కానీ ఎనిమిదింటిలో ఒకటి. అంతా గతకర్మే అనేవాళ్లది తప్పు అని తేల్చాడు.

కాబట్టి కారణాన్ని ఈ జన్మలోనే, ఈ నెలలోనే వెతకాలి. ఒక నోట్‌బుక్ చాలు. నొప్పి వచ్చిన రోజు, ముందు రాత్రి నిద్ర, తిన్న వేళ, తాగిన నీళ్లు, ఎండ, ఘాటు వాసనలు, నెలసరి, వేసుకున్న మాత్ర. మూడు నెలలు రాయండి. తొందరపడి తీర్పు మాత్రం చెప్పకండి. తీపి తిన్న రోజే నొప్పి వస్తోందని నేను తీపి మానేశాను. తర్వాత తెలిసింది, కొందరిలో నొప్పి మొదలవడానికి కొన్ని గంటల ముందే ఆవలింతలు, తీపి మీద యావ వస్తాయట. అంటే అప్పటికే నొప్పి బయల్దేరింది. ఫలితాన్ని పట్టుకుని కారణం అనుకున్నానన్నమాట! పైగా ఒక్క కారణం సరిపోదు. నిద్ర చాలని రోజు ఊరికే గడిచిపోవచ్చు. దానికి ఖాళీ కడుపు, నెలసరి తోడైతే తల లేవదు. అనేకం కలిస్తే ఒకటి పుడుతుంది. ప్రతీత్య సముత్పాదం అంటే పుస్తకంలో మాటే కాదు.

నా నోట్‌బుక్ ఏం చెప్పింది? సభలకు తిరిగిన రోజులు. అన్నం లేదు, టీ మీద టీ, నీళ్లు దాదాపు లేవు. నీళ్లు ఎందుకు తాగలేదు? బయట ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండదు గనక. బట్టల షాపులో రోజంతా నిలబడే అమ్మాయీ, మిర్చి కోతకెళ్లే అక్కా అందుకే దాహం చంపుకుంటారు. వాళ్లకు "నీళ్లు తాగమ్మా" అని చెప్పి ఊరుకుంటే సరిపోతుందా? పూర్వజన్మ కర్మ అనే మాట పేదల స్థితికి సమాజం, రాజ్యం బాధ్యత తప్పించుకోవడానికే పనికొస్తుందని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో వాదించింది ఇందుకే. ఎవరి కర్మ వాళ్లదైతే మరుగుదొడ్డి ఎవరు కట్టాలి?

ఇంకో ప్రమాదం ఉంది. ఈ నోట్‌బుక్కే కొత్త కర్మ సిద్ధాంతం కావచ్చు. "రాత్రి ఎందుకు మేలుకున్నావ్? అందుకే వచ్చింది, అనుభవించు" అని ఇంట్లోవాళ్లు అంటే, పూర్వజన్మ పాపం పోయి నిన్నటి పాపం వచ్చినట్టే. కొందరికి వంశంలోనే ఉంటుంది. ఎంత వెతికినా ప్రేరకం దొరకని నొప్పులూ ఉంటాయి. దొరకకపోతే మీ తప్పు కాదు. ఒంటికి తగిలింది మొదటి బాణం. దాని మీద కుమిలిపోవడం రెండో బాణం అన్నాడు బుద్ధుడు. ఆ రెండో బాణాన్ని మనమే వేరేవాళ్ల మీద వేయడం ఇంకా అన్యాయం. కారణం వెతకడం నింద మోపడానికి కాదు, దుఃఖం తగ్గించడానికి.

మందుల షాపులో మాత్రలు కొని నెట్టుకురాకండి. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, అంతకు మించి వాడుతూ పోతే వాటివల్లే తలనొప్పి వస్తుంది. నొప్పి రాకుండా ముందే వాడే మందులున్నాయి, డాక్టర్ని అడగండి. ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, చెయ్యో కాలో మాటో పడిపోయినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.

వచ్చే ఆదివారం వందన అయ్యాక మీ విహారంలో ఒక మాట అడగండి: మన సభల్లో ఆడవాళ్లకు మరుగుదొడ్డి, వేళకు ఇంత అన్నం ఉన్నాయా? లేకపోతే అక్కడినుంచే మొదలుపెడదాం.

భవతు సబ్బ మంగళం.